రెండక్షరముల పేర్లు

ఈ నడుమ మా యింట నొక చిన్న వివాదము పుట్టినది. బెంగుళూరున నుద్యోగము చేయుచున్న మా తమ్మునికి కుమారుడు కలిగెను. బారసాల గరివిడిలో, తన కన్నుల యెదుట జరుగవలెనని మా యమ్మ పట్టుపట్టినందున వారందరును వచ్చిరి. సిద్ధాంతిగారు పంచాంగము విప్పి, శిశువు స్వాతీనక్షత్రము రెండవ పాదమున జనించినాడు గావున ‘రే’ అను నక్షరముతో పేరుండవలెనని చెప్పిపోయిరి. అటుపిమ్మట తమ్ముడు నా చేతిలో నొక చిన్న పుస్తకము పెట్టి, “అన్నయ్యా, పొడుగు పేర్లు ఇప్పుడెవరూ పలకరు. రెండక్షరాలకు మించకూడదు, అర్థం మంచిది కావాలి. గుర్తు పెట్టినవాటిలో ఏది బాగుందో చెప్పు” అనెను.

మగశిశువుల చిన్న పేర్లను, వాని పుట్టుకను, అర్థమును తెలుపు పుస్తకమట అది. విజయనగరమున బస్సులు నిలుచుచోట కొన్నాడట. ఇరువదేండ్లుగా పిల్లలకు శబ్దములును, ఇంగ్లీషు వ్యాకరణమును వల్లె వేయించుచున్నవాడను గనుక, పేరు దొరకిన చాలునని యూరకుండలేక, ఆ రాత్రియే దానిని మొదటినుండి తుదివరకు చదివితిని. ఈ వ్యాసము దాని విమర్శయే. పుస్తకము పేరు చెప్పుట యనవసరము. ఇట్టివన్నియు నొకదాని కడుపున నొకటి పుట్టినవే.

ప్రతి పుటయందును మూడేసి గళ్లున్నవి. మొదటిది పేరు, రెండవది పుట్టుక, మూడవది అర్థము. పుట్టుక గడిలో నించుమించుగా ప్రతి పేరునకును ‘సంస్కృతము’ అనియే వ్రాసియున్నది. అర్థపు గడిలో సూర్యుడు, సూర్యకిరణము, విష్ణ్వంశము, దేవుని వరము, రాజు అను నైదింటినే తిప్పి తిప్పి వాడినారు. గ్రంథకర్తకు లోకమున మంచి యర్థములు వేరేవియు కనబడలేదు కాబోలు. కష్టము, కరువు, పొలము, కులవృత్తి, చెట్టు, పురుగు, ఏవియు నా గడిలోనికి రాలేదు.

తమ్ముడు గుర్తుపెట్టిన పేర్లలో మొదటిది రేయాన్ష్. సూర్యకిరణపు టంశము అని యర్థము వ్రాసినారు. ఈ పేరును కొంచెము నిదానముగా విప్పి చూడవలెను. ‘అన్ష్’ అనునది అంశశబ్దమే. తాలవ్యమగు శకారము ఇంగ్లీషు లిపిలోనికి పోయి మరల మన లిపిలోనికి వచ్చునప్పటికి మూర్ధన్యమైనది. అనుస్వారము నకారపు పొల్లైనది. ఇక ‘రే’ యననేమి? సంస్కృతమున కిరణమునకు రశ్మి, మరీచి, మయూఖము, గభస్తి మొదలగు పదములెన్నియో కలవు. ‘రే’ మాత్రము లేదు. అది ఇంగ్లీషువారి మాట. కిరణమే కావలెనన్నచో ‘అంశు’ అను రెండక్షరముల శుద్ధపదము అంశకు ప్రక్కనే యున్నది. దానిని దాటిపోయి సముద్రముల కావలినుండి తెచ్చుకొన్నారు. సంస్కృతమునను ‘రే’ యను నవ్యయమొకటి కలదు. కాని యది తక్కువవారిని పిలుచునపుడు వాడు సంబోధనము, మన ‘ఓరీ’ వంటిది. ఆ రేకారమునకును అంశకును సంధి చేసినచో పూర్వరూపము వచ్చి ‘రేంశ’ యగునే కాని, నడుమ యకారము గాని దీర్ఘము గాని రానేరదు. తెలుగు చెవికి వినబడునది మరియొకటి. మనకు రేయి యనగా రాత్రి. సూర్యకిరణమని మురిసి పెట్టిన పేరు మా వీధిలోనికి వచ్చుసరికి రాత్రిముక్క యగుచున్నది.

ఇట్టి పేరేల పుట్టినదో యూహించుట కష్టము కాదు. పంచాంగమున స్వాతి నాలుగు పాదములకును రూ, రే, రో, తా అని యక్షరములు చెప్పబడినవి. రేకారాదులగు సంస్కృతపదములు కొలదిగనే యున్నవి. రేఖ, రేవతి వంటి వానిని తీసివేయగా మగబిడ్డకు మిగులునవి మరియు తక్కువ. సరకు కొరతగా నున్నచోట కల్తీ పుట్టుట బజారున నందరెరిగినదే. అసలీ పాదాక్షరములు గృహ్యసూత్రములలో లేవు. అవి తరువాతి జ్యోతిషమున వచ్చినవి. నక్షత్రమును బట్టి పేరు పెట్టుట మాత్రము ప్రాచీనమే. పాణిని దానికి సూత్రములే చెప్పియున్నాడు. ఆ లెక్కను స్వాతిలో పుట్టినవాడు ‘స్వాతి’యే. తిరువాన్కూరు నేలిన స్వాతి తిరునాళ్ మహారాజు (1813–1846) ఆ నక్షత్రమున పుట్టియే ఆ పేరు వహించి, సంగీతలోకమున నిలిచెను. రెండక్షరముల పేరు, అర్థమునకు వెదకులాట లేని పేరు, మా యింటి బిడ్డకు నేరుగా చెల్లెడి పేరు. పుస్తకమున నిది ఆడపిల్లల పుటలోనికి పోయినది.

పేర్లు పొట్టివగుచున్నవని వగచు పెద్దలతో నేను చేరను. ఇది నేటి వేడుక యని వారు తలచుచున్నారు గాని, మన పూర్వులు మగబిడ్డకు రెండక్షరముల పేరో నాలుగక్షరముల పేరో పెట్టుమనియే విధించిరి. పారస్కరుడు దీనికి మరికొన్ని నియమములు చేర్చినాడు: మొదటి యక్షరము ఘోషాక్షరమై, నడుమ య ర ల వలలో నొకటి కలిగి, తుద దీర్ఘముగాని విసర్గముగాని యుండవలెను, పేరు కృదంతము కావలెను, తద్ధితాంతము కారాదు. హరి, రవి, ధ్రువ అను పేర్లు ఈ నియమములకు చక్కగా సరిపోవును. వినోదమేమనగా, కృష్ణనామమే యీ పరీక్షలో నిలువదు, మొదటి యక్షరము ఘోషము కాదు గనుక. శివనామమునకును అదే గతి. కావున నియమములను గుడ్డిగా పట్టుకొని వ్రేలాడవలెనని నా మతము కాదు. మహాభాష్యకారుడగు పతంజలి యీ విధినే యెత్తి చూపి, వ్యాకరణము రానివానికి ఏది కృత్తో ఏది తద్ధితమో యెట్లు తెలియునని యడిగినాడు. రెండువేల యేండ్ల క్రిందటనే, పేరు పెట్టువాడు పేరెక్కడినుండి వచ్చినదో తెలిసికొని పెట్టవలెనని యడిగిన ప్రశ్న యిది. మా తమ్ముని పుస్తకమునకు నేను వేయు ప్రశ్నయు నదియే.

ఆ ప్రశ్న వేసి తక్కిన పుటలు చూచితిని. ‘విహాన్’ అను పేరున్నది, ఉషఃకాలమని యర్థము. ఇది పూర్తిగా కల్ల కాదు. ఉత్తరదేశపు పల్లెలలో ‘బిహాన్’ అనగా తెల్లవారుజాము. ప్రకాశించుటయను నర్థముగల భాధాతువునకు ‘వి’ చేరి యిది పుట్టినదని చెప్పుదురు. పొలమునకు పోవు రైతు నోటిమాట యిది. పుస్తకము ఆ రైతును తుడిచివేసి ‘సంస్కృతము’ అని ముద్ర వేసినది.

‘అయాన్’ అను పేరునకు ‘అయనము నుండి పుట్టినది, దేవుని వరము’ అని వ్రాసినారు. అయనమనగా మార్గము, దానికిని దేవుని వరమునకును పొత్తేమి? పారసీకమునను ఉర్దూలోను అయాన్ అనగా స్పష్టమైనది, కంటి కగపడునది అని యర్థము. మహమ్మదీయ కుటుంబములలో నిది మన్ననగల పేరు. దానిని హిందువులు పెట్టుకొనిన తప్పేమియు లేదు. నెల్లూరు, రాయలసీమ ప్రాంతములలో దర్గాలకు మ్రొక్కి కనిన బిడ్డలకు హిందువులే మస్తానయ్య యని పేరు పెట్టుకొను వాడుక కలదు. మ్రొక్కు ఎవరికి మ్రొక్కిరో దాచలేదు. నేటివారు పేరును గైకొని, ఇచ్చినవారిని దాచుచున్నారు.

‘ఇవాన్’ సంగతి మరియు చోద్యము. సూర్యుడనియు, రాజనియు పుస్తకము చెప్పుచున్నది. రష్యాదేశమున యోహాను నామమునకు రూపాంతరమే ఇవాన్. ఇంగ్లీషువారి జాన్ కూడ నదియే. యెహోవా కృప గలవాడు అను హెబ్రీ మాట వీనికన్నిటికిని మూలము. మన జిల్లాల క్రైస్తవకుటుంబములలో యోహాను అను పేరు పెక్కేండ్లుగా వినబడుచున్నది. ఆ యోహానును తమ బిడ్డకు పెట్టుట కలలోనైన తలపని యిండ్లు ఇవానును తెచ్చుకొని బొట్టు పెట్టి ముద్దాడుచున్నవి. దూరమునుండి వచ్చిన జాను దొర, పొరుగువీధి యోహాను తక్కువ! అర్థపు గడిలో సూర్యుడని వ్రాసినవాడు ఈ యిక్కట్టును తప్పించుటకే వ్రాసియుండవలెను.

బారసాలకు ముందునాటి సాయంకాలము మా యమ్మకు పేరు వినిపించితిమి. రెండుసారులు పలుక యత్నించి, “ఏటి నాయినా, రేయంచా? అంచేటి, సీరంచా?” అని యడిగినది. మా మరదలు నవ్వాపుకొనలేక లోపలికి పోయినది. నేను మాత్రము నవ్వలేదు. తెలుగు అజంతభాష, పదము చివర పొల్లును నిలువనీయదు. బస్సు, పెన్ను, స్టేషను అని పరభాషాపదముల తుద కచ్చును చేర్చి గాని లోనికి రానీయదు. మా యమ్మ నాలుక తప్పు చేయలేదు, వ్యాకరణమును పాటించినది. మన సీమలోనే పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతయు చెప్పినది, నోటిభాషకును నియమమున్నదనియే కదా. (ఆయన సీమవాడనై యుండియు నేనిట్లు వ్రాయుచున్నందుకు మిత్రులు పరిహసింతురు, చేయి యలవాటుపడినది.)

నవ్వులు సద్దుమణిగిన పిమ్మట మా యమ్మ, “అదేటో నాకు తెల్దు గాని, మీ తాత పేరెట్టండిరా” అన్నది. అన్నదమ్ముల మిద్దరమును మాటలాడలేదు. మా తాతగారి పేరు తవిటయ్య.

ఈ పేరు పుస్తకమున లేదు. దీని పుట్టుకను, అర్థమును నేను వ్రాయవలసియున్నది. మా ముత్తవకు వరుసగా ముగ్గురు బిడ్డలు పురిటిలోనే పోయిరట. నాలుగవవాడు పుట్టగానే పొరుగింటి యామె చేతికిచ్చి, తవుడు కొలిచి పోసి, వానిని మరల కొనుక్కొన్నది. తవుటికి కొన్నబిడ్డ విలువలేనివాడు, మృత్యువు వీనివంక చూడదని నమ్మకము. మా శ్రీకాకుళ విజయనగర మండలములలో తవిటయ్య, తవిటినాయుడు, తవిటమ్మ అను పేర్లు దీనినుండియే వచ్చినవి. పెంటకుప్పమీద పరుండబెట్టి యెత్తుకొన్నవాడు పెంటయ్య, కుప్పయ్య. ఎంగిలివిస్తళ్లలో దొరలించినవాడు పుల్లయ్య. ఇది మన మూఢత్వము మాత్రమే కాదు. టెంపిల్ అను నింగ్లీషు దొర 1883వ సంవత్సరమున పంజాబీల పేర్లపై వ్రాసిన గ్రంథమున నిట్టి పేర్లే యున్నవి. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున మన దేశమున పుట్టిన వేయిమంది శిశువులలో సుమారు ఇన్నూరుమంది యేడాది నిండకుండ చనిపోవుచుండిరి. 2020వ సంవత్సరపు సర్కారు లెక్కలలో ఆంధ్రప్రదేశమున నా సంఖ్య 24. టీకాలు, మంత్రసాని చదువు, ఆసుపత్రి పురుడు వచ్చిన కొలదిని తవిటయ్యలు తగ్గిరి. తగ్గుట మేలే. తవుడు కొలుచు నాచారము మరల రావలెనని నేను కోరను. కాని యా పేరులో నొక తల్లి భయమున్నది, ముగ్గురు పసికందుల లెక్కయున్నది. పుస్తకమందలి యే పేరునకును అంత యర్థము లేదు.

నా తప్పొకటి యిచట చెప్పుకొనవలెను. విజయనగరమున చదువుకొను దినములలో తోటి విద్యార్థి యొకడు మా తాతగారి పేరడిగెను. సూర్యనారాయణ యని చెప్పితిని. అర్థపు గడిలో నేనును ఆనాడే సూర్యుని వ్రాసితిని. అందుచేత పుస్తకకర్తపై నాకు కోపము వచ్చినను, అది యంత స్వచ్ఛమైన కోపము కాదు.

పొట్టిపేరు గూర్చి మరియొక మాట. సింహాచలము స్వామిని మనవారు అప్పన్న యందురు. అప్ప యనగా తండ్రి. ఆయన పేరు మా సీమలో ఇంటింటను కలదు. ఆ యొక్క పేరే ఎన్ని మెట్లుగా పలుకబడినదో చూడుడు. పాలేరైన అప్పిగాడు, కౌలుదారైన అప్పన్న, కొంచెము భూమి యున్న అప్పలనాయుడు, కచేరిలో కుర్చీ గలవాడు అప్పారావుగారు. స్వామి యొకడే, ప్రత్యయము మారినది. పేదవానికి పేరు పొట్టిగా నుండుట వాని యిష్టము కాదు. ఎదుటివాని నాలుక వానికంతకంటె నెక్కువ యక్షరములు ఖర్చుపెట్టలేదు. ఈనాడు పొట్టిపేరు కలవారి వేడుక యైనది. కులమును తెలుపు తోక పోయి రెండక్షరములు మిగులుట నాకు సంతోషమే. కాని తాత తరమువారిని అప్పిగాడనుట మానకయే మనుమనికి అయాన్ అని పెట్టినచో, తోక పోయినది గాని తీరు పోలేదు.

పూర్వము బడిపంతుళ్ల చేతిలో నీ విషయమున కొంత యధికారముండెడిది. తండ్రి వచ్చి “తవిటిగాడండి” అని చెప్పగా, పంతులు పట్టికలో తవిటినాయుడని గౌరవముగ వ్రాసినచో మేలు చేసినవాడు. పేరే రోతయని తలచి, తండ్రినడుగకయే కొట్టివేసి తనకు నచ్చిన పేరు వ్రాసినచో ఆ యింటి కథను చెరిపినవాడు. రెండు తెగలవారును నాకు తెలియుదురు. ఇప్పుడా యధికారము పోయినది. 1969వ సంవత్సరపు జననమరణముల నమోదు చట్టమునకు 2023లో వచ్చిన సవరణచే, ఆ యేటి అక్టోబరు మొదటి తేదీ నుండి పుట్టినవారికి బడిలో చేరుటకు జననపత్రమే ఆధారము. పేరు లేకుండ నమోదు చేయించిన బిడ్డకు పండ్రెండు నెలలలోపల రుసుము లేకుండ పేరు చేర్పించుకొనవచ్చును. రుసుము చెల్లించి పదునైదేండ్లవరకు కూడ. అనగా పంతులు దిద్దుటకు వీలు లేని పేరు, తలిదండ్రులు పుస్తకము చూచి యొక సాయంకాలమున తేల్చు పేరు, జీవితాంతము ప్రతి కాగితముమీదను నిలుచును.

ఇంతయు విని తమ్ముడు, “అయితే అర్థం లేని పేరు పెట్టకూడదంటావా?” అని యడిగెను. మంచి ప్రశ్న. కూడదని నేననలేదు. మా సీమ రెండక్షరముల పేర్లకు పుట్టినిల్లు. చాగంటి సోమయాజులుగారు చాసో యైరి. కాళీపట్నం రామారావు మాస్టారు కారా యైరి. విశాఖలో పుట్టిన శ్రీరంగం శ్రీనివాసరావుగారు శ్రీశ్రీ యైరి. చాసో యను పదమునకు ఏ నిఘంటువునను అర్థము లేదు. కథలు వ్రాసి ఆయనయే దానికర్థము కల్పించెను. కారా యనిన శ్రీకాకుళమున 1997లో వెలసిన కథానిలయము కన్నులకు కట్టును. సంస్కృతవైయాకరణులు సైత మర్థరహితములగు పేర్లనెరుగుదురు. యదృచ్ఛాశబ్దములని వానికి పేరుపెట్టి, డిత్థుడు, డవిత్థుడు అని యుదాహరణములిచ్చిరి. తన బిడ్డను డిత్థుడని పిలుచుకొనువానిని వారు వెక్కిరింపలేదు. ఆ డిత్థశబ్దమునకు సూర్యకిరణమని యర్థము చెప్పియుండినచో, వెక్కిరించియుందురు. రేయాన్ష్ చెవికింపుగా నున్నదని పెట్టుకొందురేని నాకభ్యంతరము లేదు. చెవికింపుగా నున్నదనియే బిడ్డకు చెప్పుడు.

రేకారమే కావలెనన్నచో రేవంతుడున్నాడు, సూర్యునికి సంజ్ఞయందు కలిగిన కుమారుడు, గుఱ్ఱములకు దొర. తమ్ముడు పెదవి విరిచి, ఆ పేరు గల రాజకీయనాయకులొకరుండుటచే ప్రతివాడును ఏ పార్టీ యని యడుగుననెను. స్వాతి యన్నంతనే వారపత్రిక పేరనెను. సూర్యుని మీదనే మనసున్నచో, ఇక్కడ రైలెక్కి చీపురుపల్లి, పొందూరు దాటి ఆమదాలవలసలో దిగిన అరసవిల్లి చేరువనే. ఆ దేవుని పేరు మన పల్లెలలో సూరన్న, సూరయ్య, సూరి యని తరతరములుగా నున్నది. సూరి యనగా సంస్కృతమున పండితుడు. పరవస్తు చిన్నయగారికి బిరుదుగా వచ్చిన మాట యదియే. రెండక్షరములు, అచ్చుతో ముగియును, సూర్యుడును విద్యయు నొక్కచోట. “పాతది” అని తమ్ముడనెను. దీనికి నాకు సమాధానము దొరకలేదు.

అప్పటివరకు మాటలాడని మా మరదలు, “బావగారూ, వాడు పెద్దయ్యాక పేరుకి అర్థమడిగితే పుస్తకంలోది చెప్పనా, మీరు చెప్పింది చెప్పనా?” అని యడిగినది. ఆమె మగని వంక చూచినది. అతడు పుస్తకము వంక చూచెను.

మరునాడు పళ్లెములో బియ్యము పోసి, తమ్ముడు ఉంగరముతో రేయాన్ష్ అని వ్రాసెను. పొల్లులు రెండును బియ్యములో సరిగా నిలువక చెదరినవి. మా యమ్మ బిడ్డను ఒడిలోనికి తీసికొని, చెవిలో “సూరీ” యని మూడు సారులు పిలిచినది. వాడు నిద్రపోవుచుండెను. వారు బెంగుళూరు పోవునపుడు మరదలు ఆ పుస్తకమును నాకు చూపి, తకారపు పుట అంచున తవిటయ్య యని వ్రాసి, పుట్టుక, అర్థము అను రెండు గళ్లు నన్ను నింపుమన్నది. నింపితిని. జననపత్రమున పేరు గడి యింకను ఖాళీగనే యున్నది. పండ్రెండు నెలల గడువులో రెండు గడచినవి.